బొట్టు కింద తేదీ

మా మామ గొంతును నేను ఆయన నోటి నుంచి ఎన్నడూ వినలేదు. వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేసరికే ఆపరేషన్ అయిపోయింది. మెడ అడుగున చిన్న రంధ్రం, దాని మీద అత్త కుట్టిన తెల్లగుడ్డ. ఊపిరి ఆ గుడ్డ వెనక నుంచి వచ్చిపోయేది. మాట మాత్రం హాల్లో కంప్యూటర్ పక్కనున్న రెండు నల్ల డబ్బాల్లోంచి వచ్చేది.

పెళ్ళయిన మరునాడు పొద్దున నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆయన కీబోర్డు మీదికి వంగి ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని కొట్టారు. చివరి మీట నొక్కి నావైపు తిరిగారు.

"ఏమ్మా కోకిలా, గోడను నువ్వు పట్టుకోకపోయినా పడిపోదులే. ఈడొచ్చి కూర్చో."

డబ్బాల్లోంచి ఎవరో పెద్దాయన పలికాడు. కాస్త బొంగురు గొంతు, మాట చివర నవ్వు దాచుకున్న గొంతు. నేను డబ్బాలకేసి చూశాను. మా అత్త అలివేలు, మా ఆయన శ్రీకుమార్ కూడా అటే చూస్తున్నారు. మామ ఒక్కరే నన్ను చూస్తున్నారు. తరవాత్తరవాత గమనించాను, మామ మాట్లాడితే ఆ ఇంట్లో మామను ఎవరూ చూడరు.

డాక్టర్లు స్వరపేటిక తీసేయాలని చెప్పినప్పుడు ఒక కాలేజీ పిల్లలు ఆయన్ని చిన్న గదిలో కూర్చోబెట్టి వందల వాక్యాలు చదివించారట. ఆ వాక్యాలను తునకలు చేసి, మళ్ళీ అతికించి, ఆయన ఎన్నడూ అనని మాటను కూడా ఆయన గొంతుతో అనిపించే వెబ్ పేజీ ఒకటి తయారుచేశారు. ఫోన్‌లో తెరుచుకునేలా ఇంకా చెయ్యలేదు, కంప్యూటర్‌లోనే పనిచేసేది. మాది ఊత్తుకోట అవతల చిన్న పల్లె. మా తెలుగుబడిలో కంప్యూటర్‌కు గది ఉండేది, గదికి తాళం ఉండేది. అలాంటిదాన్ని, గొంతు లేని మనిషి గొంతు వింటూ వంటింట్లో బియ్యం ఏరుకునేదాన్ని. రోజూ వింటున్నా ప్రతిసారీ చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయేది.

మామ పేరు ఆదికేశవులు. జార్జి టౌన్‌లో కాగితాల టోకు అంగడి నడిపి, మోకాళ్ళు మొరాయించాక వేరేవాళ్ళకు అప్పగించేశారు. అంగడి కంప్యూటరే ఇంటికొచ్చింది. అంగడి అలవాటు కూడా దాంతోపాటు వచ్చింది. ఎప్పుడో పక్క గోడౌన్ రాత్రికి రాత్రి కాలిపోయిందట. వైరులో నిప్పు పుట్టిందన్నారు. చుట్టూ కాగితమే కదా. ఆ తెల్లారినుంచి ఆయన అంగడి మూసేముందు మెయిన్ దించి, ఒక్కో ప్లగ్గూ గోడనుంచి పీకి, ఆ రంధ్రాలను అరచేత్తో తడిమి, అప్పుడు కర్పూరం వెలిగించి తాళం వేసేవారు. ఇంట్లోనూ అదే నియమం పెట్టారు. దీపం పెట్టాక హాల్లో ఏ వైరూ గోడలో ఉండకూడదు. ఇప్పుడు ఆ పని అత్త చేస్తుంది. పూజ గది తలుపు దగ్గరకు వేసి, వంగి కంప్యూటర్ ప్లగ్గు పీకి, గోడను తడిమి, "అయిపాయ" అంటుంది. ఆమె పీకకముందే మామ ఆ రోజు చివరి మాట చెప్పేసుకోవాలి. సాధారణంగా అది అత్తను ఉడికించే మాటే అయ్యేది.

"అలివేలూ, రేపు కూడా ఈ ఉప్మానేనా, లేకపోతే మనుషులు తినేదేమన్నా చేస్తావా?"

"గొంతు పోయినా కొవ్వు పోలేదు చూడు," అని అత్త డబ్బాలను తిట్టి ప్లగ్గు పీకేసేది.

ఆ ఏడు మా వదిన రంజని కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. మధ్యాహ్నాలు మామ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆయన ఆమె కడుపుకేసి చూస్తూ కథలు కొట్టేవారు. అంగడిలో కాగితాల రీము దొంగిలించి తెల్లారి తనే తెచ్చి పెట్టేసిన కూలీ కథ, ఓడలో వచ్చి హార్బరులో తడిసిపోయిన కాగితం కథ.

"లోపలుండే దానికి ఇదంతా వినపడతాందా నాయనా?" అని వదిన నవ్వేది.

ఆయన చాలాసేపు కొట్టేవారు. "వినపడకపోతే ఈపాటికి లోపలినుంచే తట్టి అడిగుండేది."

పేరు సంగతి కూడా అప్పుడే తెలిసింది నాకు. వాళ్ళ వంశంలో బిడ్డకు పేరు పెద్దవాడు చెవిలో చెప్పాలి. బిడ్డ వినకముందు ఆ పేరును ఎవరూ వినకూడదు, ఎక్కడా రాసి చూపించకూడదు. చెవికి చేరాకే పళ్ళెంలో బియ్యం మీద పసుపుకొమ్ముతో రాయాలి. శ్రీకుమార్‌కూ వదినకూ ఆ వీధిలో ఇంకా ఎందరు పిల్లలకో మామే చెప్పారట. వదిన అత్తగారు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా తమ వైపు ఒక పేరు అనుకుని ఉన్నామని, "పెద్దాయనకు పాపం గొంతు బాలేదు గదా, మా వాళ్ళే చెప్పేస్తారులే" అని అనేది. మామ ఆ మాట విని వేళ్ళు విరుచుకుని కొట్టారు.

"పేరు నా దగ్గర ఉండాది. చెప్పేది నేనే. ఆమెకు చెప్పు, నాకు గొంతు లేదన్నది ఎవరని."

ఆయుధపూజకు ఇంట్లో ఉన్న ఇనుమంతా కడిగాం. అరివాళ్ళమణ అనే కత్తిపీట, కత్తెర, మామ అంగడి నాటి కాగితం కోసే కత్తి, శ్రీకుమార్ స్కూటర్. అత్త అన్నిటికీ గంధం పూసి కుంకుమ పెట్టింది. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి కళ్ళద్దాలు పూజగదిలో ఉండిపోయాయి. చట్రానికి పెట్టవలసిన బొట్టు తెర అద్దం మీదే, కింద కుడిమూలన పడింది. రూపాయంత గంధం, మధ్యలో కుంకుమ.

"అద్దం మీద పెట్టేసినావే అమ్మా," అంది వదిన.

"పెట్టిన బొట్టు తుడుస్తారా? అదే రాలిపోతాది, ఉండనీ," అంది అత్త.

గంధం ఎండి గట్టిపడింది. రాలలేదు.

దాని వెనకే వాన పట్టుకుంది. మా పల్లెలో వాన వస్తే చూస్తాం. ఇక్కడ వాన ఇంట్లోకి వచ్చి మనల్ని చూస్తుంది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు పోయి ఒక పగలూ ఒక రాత్రీ రాలేదు. వచ్చిన తెల్లారి మామ స్నానం చేసి, కంప్యూటర్ ముందు కూర్చుని తన పేజీ తెరిచారు. పేజీ రాలేదు. తెల్లటి తెర మీద ఎర్రటి గుర్తు, దాని కింద ఇంగ్లీషు వరసలు.

మామ మళ్ళీ తెరిచారు. మళ్ళీ అదే. చప్పట్లు కొట్టి అందర్నీ పిలిచారు.

వదిన చదివి తెలుగులో చెప్పింది. "ఈ సైట్‌కుండే సెక్యూరిటీ సర్టిఫికెట్ సరిగా లేదంట. మిమ్మల్ని మోసం చేసేదానికో, మీరు పంపించేది మధ్యలో అందుకునేదానికో ఎవరన్నా చూస్తా ఉండొచ్చంట."

అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "మధ్యలో అందుకునేదా? ఏమి అందుకుంటారు? ఆయన గొంతునా?"

"అట్ట కాదులేమ్మా..."

"ఇంకెట్ట? ఆడ రాసిండాది గదా! కాలేజీ కాడ్నించి మన ఇంటికి వచ్చే దోవలో ఎవరో నిలబడుండారు. గొంతు ఎత్తకపోయేదానికి."

మధ్యాహ్నం డ్యూటీ ముగించి శ్రీకుమార్ తిరువొత్తియూరు నుంచి తడిసిపోయి వచ్చాడు. తల తుడుచుకోకుండానే కూర్చున్నాడు. "ఇరు, ఇరు, ఉండండి, చూస్తా," అన్నాడు. వైరు పీకి గుచ్చాడు. నెట్ డబ్బా ఆర్పి వెలిగించాడు. ఇంకో రెండు సైట్లు తెరిస్తే అవీ ఎర్రగానే వచ్చాయి. చివరికి ఆ ఇంగ్లీషు వరసల అడుగున, ప్రమాదమని తెలిసినా ముందుకు పొమ్మనే చిన్న మాట ఒకటి ఉంటే దాన్ని నొక్కాడు.

"వచ్చేసింది నాయనా!"

నిజంగానే మామ పేజీ వచ్చింది. మామ చేతులు తుడుచుకుని కొట్టారు. నాలుగే అక్షరాలు. అలివేలు. మీట నొక్కారు.

డబ్బాలు పలకలేదు.

మళ్ళీ నొక్కారు. అత్త డబ్బాలకేసి చూస్తూనే ఉంది. పేజీ ఒకచోట నుంచి వస్తుందట, గొంతు ఇంకోచోట నుంచి రావాలట. మొదటి తలుపు తోసుకుని పోయాం గాని రెండోది తెరవలేదు. మామ అదే మీటను అలా నొక్కుతూనే ఉన్నారు. అప్పుడు మొదటిసారి నేను ఆయన వేలినే చూశాను. గోరు తెల్లబడేలా నొక్కుతున్నారు.

పేజీ చేసిన పిల్లల్లో అరుళ్ అనే అబ్బాయి నంబరు ఉంది మా దగ్గర. ఫోన్ చేస్తే వాడు తమిళంలో మర్యాదగా చెప్పాడు. "ఇక్కడ బాగానే ఉందండీ. మిగతా ఇళ్ళల్లో అందరికీ పలుకుతోంది. మీ సిస్టమ్‌లోనే ఏదో. కాలేజీ చుట్టూ నీళ్ళు, తగ్గినాక వచ్చి చూస్తాను."

నీళ్ళు తగ్గలేదు. అత్తకు భయం పట్టుకుంది. దీపం పెట్టాక పీకే ప్లగ్గును పగలు కూడా పీకడం మొదలుపెట్టింది. మామ లేచి పక్కకు వెళితే చాలు, వంగి లాగేసేది. "దొంగ మధ్యలో కూర్చోనుంటే వాకిలి తెరిచి పెడతామా?" అనేది.

ఆ వానలోనే వదినకు నొప్పులు వచ్చాయి. పక్కింటివాళ్ళ ఆటోలో, టైర్లు మునిగే నీళ్ళలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆడపిల్ల పుట్టింది. మామ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నప్పుడు పెదవులు కదిలాయి. గాలి మెడ కింద గుడ్డను కదిలించి పోయింది. బిడ్డ ఏడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆయన బొత్తిగా తగ్గిపోయారు. అవసరాలు రాసి చూపించడానికి ఒక పలక పెట్టాం. మొదట్లో "కాఫీలో చక్కెర ఎవరు పెంచారు, రంజని అత్తగారా?" అని రాసేవారు. తర్వాత "కాఫీ" అని రాసేవారు. తర్వాత గ్లాసు చూపించేవారు. వదిన అత్తగారు పేరు పెట్టే పుణ్యాహానికి రోజు ఖాయం చేసి ఫోన్ చేసింది. "వియ్యంకులవారికి శ్రమెందుకు, మా ఆయన చెప్పేస్తారు పేరు," అంది. స్పీకర్‌లో ఉంది ఫోన్. మామ విన్నారు. పలక తీసుకోలేదు.

"ఆ పేరేందో ఎవరికన్నా రాసి చూపించగూడదా నాయనా? తమ్ముడు చెప్తాడు," అంది వదిన ఏడుపు ఆపుకుంటూ.

మామ తల అడ్డంగా ఊపారు. రాసి చూపిస్తే అది ఆయన పెట్టిన పేరు కాదు.

నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. పేరు కోకిల, నోరు తాళం అని శ్రీకుమార్ ఏడిపించేవాడు. మాటలు లేనివాళ్ళకు చూడడానికి చాలా తీరిక ఉంటుంది. పగలు అందరూ బిడ్డ దగ్గర ఉన్నప్పుడు నేను ప్లగ్గు గుచ్చి, ఆ ఎర్ర పేజీ తెరిచి, ఇంగ్లీషు వరసల్ని ఒక్కో మాటా ఫోన్‌లోని నిఘంటువులో వెతుక్కుంటూ చదివేదాన్ని. ఇంట్లో అందరూ పైన ఉన్న పెద్ద అక్షరాల్నే చదివి భయపడ్డారు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది, లేదా ఇంకా మొదలు కాలేదు.

గడువు దాటడం నాకు తెలుసు. మందుసీసాకు ఉంటుంది, బస్ పాసుకు ఉంటుంది. ఇంకా మొదలు కాకపోవడం ఏమిటి? మొన్నటిదాకా మామ మాట్లాడిన పేజీ కదా.

పుణ్యాహం రేపనగా మామను మెడ రంధ్రంలో పెట్టిన గొట్టం శుభ్రం చేయించడానికి శ్రీకుమార్, అత్త ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంట్లో నేను, వదిన, బిడ్డ. నేను ధైర్యం చేసి అరుళ్‌కు ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఇందులో ఇంకా మొదలు కాలేదని రాసి ఉంది. అట్లా ఎప్పుడు రాస్తుంది?"

"అది మీకు కనపడిందా అక్కా? సర్టిఫికెట్ అని నొక్కితే తేదీలు ఉంటాయి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకని. చదవండి."

చదివాను. మొదలు ఈ ఏడు ఆగస్టులో, అంటే ఇక్కడివాళ్ళ ఆవణి నెలలో. ముగింపు ముందుంది.

"సరిగ్గానే ఉంది. అట్లయితే మీ కంప్యూటర్ ఎక్కడో వెనకాల ఉందక్కా. దాని లెక్కలో ఆవణి ఇంకా రాలేదు. కింద కుడిమూలన తేదీ ఎంత చూపిస్తోంది?"

నేను చూశాను. కింద కుడిమూలన బొట్టు ఉంది.

నాకు నవ్వు రాలేదు. ఆయుధపూజ నుంచి మేమందరం ఆ తెరకు మొక్కుతూ, తిడుతూ, భయపడుతూ ఉన్నాం. చూడవలసిన చోటును కుంకుమతో మూసిపెట్టి.

"వదినా, ఈ బొట్టు..."

వదిన బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. "అమ్మ చూస్తే చంపేస్తాది. తుడవొద్దు. తీసి పెట్టుకో."

వేలు తడిచేసుకుని గంధాన్ని అంచుల నుంచి మెల్లగా కరిగించి ఎత్తాను. నుదుట పెట్టుకున్నాను. దాని కింద అద్దం మసగ్గా ఉంది. పమిటచెంగుతో తుడిచాను. తేదీ కనపడింది.

2009 జనవరి ఒకటి.

వదిన బిడ్డ వీపు మీద తడుతున్న చెయ్యి ఆపేసింది. ఆ తేదీకి నేను పలక పట్టుకుని బడికి పోతున్నాను. ఆ తేదీకి వదినకు పెళ్ళి కాలేదు. మామ అంగడి గద్దె మీద కూర్చుని వీధి చివర్న ఉన్న బండివాణ్ణి ఇక్కడి నుంచే కేకేస్తున్నారు. ఆ తేదీన ఆయన గొంతు ఆయన దగ్గరే ఉంది. ఈ పేజీ అక్కర్లేదు, కాలేజీ పిల్లలు ఇంకా పలకల మీద దిద్దుతున్నారు. కంప్యూటర్ అబద్ధమేమీ చెప్పలేదు. అది ఉన్న రోజుకు ఇవేవీ ఇంకా మొదలు కాలేదు.

"ఎందుకు తమ్ముడూ దానికి తేదీ అంత పట్టింపు?" అని అడిగాను.

"ఇప్పుడు నేనే కాలేజీ సైట్‌ని అని ఎవడైనా చెప్పుకోవచ్చక్కా. అది చాలదు. వీడు నిజమే అని ఇంకొకరు సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్షిని మీ కంప్యూటర్ ముందే ఎరిగి ఉండాలి. సాక్ష్యానికి మొదలూ చివరా ఉంటాయి. ఆ రోజుల్లో మాత్రమే అది నమ్ముతుంది."

మామ చెప్పిన అంగడి కథ ఒకటి గుర్తొచ్చింది. జార్జి టౌన్‌లో ముఖం తెలియని వ్యాపారికి సరుకు ఇవ్వరట. తెలిసిన వ్యాపారి వెంట వచ్చి "మనవాడే" అంటే బండి కదులుతుందట. నేను ఆ ఇంటికి వచ్చిందీ అలాగే. మా ఊరి మనిషి ఒకాయన వీళ్ళకు మా గురించీ, మాకు వీళ్ళ గురించీ చెప్పాడు. ఆ ఒక్క మాట మీద నేను పెట్టె పట్టుకుని ముక్కూ మొహం తెలియని ఇంటికి వచ్చేశాను. మామ అక్షరం కొట్టిన ప్రతిసారీ, ఆయన గొంతు ఇల్లు చేరే ముందు, ఎవరో ఎవరికో మనవాడే అని చెబుతున్నారన్న మాట. కన్ను మూసి తెరిచేలోపు. కంటికి కనపడకుండా.

అరుళ్ చెప్పినట్టు తేదీ, గంట సరిచేశాను. పేజీ మళ్ళీ తెరిచాను. ఎరుపు లేదు. పైన చిన్న తాళం గుర్తు, కింద మామ రాసుకునే తెల్లటి గడి.

"కొట్టి చూడు కోకిలా, ఏదన్నా ఒక మాట," అంది వదిన.

వేళ్ళు మీటల దాకా పోయాయి. వద్దనిపించింది. "మామే కొట్టనీ వదినా. మొదటి మాట."

"లోపల బ్యాటరీ అయిపోయి ఉంటుందక్కా, అందుకే తేదీ మర్చిపోయింది. వచ్చినాక చూస్తాను," అన్నాడు అరుళ్. ఆ మాటను నేను సరిగా పట్టించుకోలేదు.

వానకు బస్సులు దొరక్క వాళ్ళు వచ్చేసరికి దీపాల వేళ దాటింది. మామ అలసిపోయి ముద్ద కూడా ముట్టకుండా పడుకున్నారు. పొద్దున చెబుదాం, ఆశ్చర్యపోనీ అని వదిన నా చెయ్యి నొక్కింది. నేను వంటింట్లో మరుసటి రోజుకు పప్పు నానబోస్తుంటే హాల్లోంచి అత్త గొంతు వినపడింది. "అయిపాయ."

పొద్దున ఇల్లు నిండింది. వదిన అత్తవారు కారియర్లతో దిగారు. పురోహితుడు పరంధామయ్య గొడుగు దులుపుకుంటూ వచ్చి, రాహుకాలం లోపల ముగించాలని తొందరపెట్టాడు. పుణ్యాహవాచనం అయింది. వదిన అత్తగారు పట్టుచీర సవరించుకుంటూ తన భర్త వైపు చూసింది. అప్పుడు వదిన అంది, "నాయనా, రాండి. కంప్యూటర్ బాగయిపోయింది. కోకిల చేసింది."

మామ నావైపు చూశారు. ఆయన వచ్చి కూర్చున్నారు. శ్రీకుమార్ ప్లగ్గు గుచ్చాడు. మామ పేజీ తెరిచారు.

ఎర్రగా వచ్చింది.

వదిన అత్తగారు మెల్లగా, "పోనీలెండి, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టొద్దు," అంది. పరంధామయ్య గడియారం చూసుకున్నాడు. మామ కుర్చీ వెనక్కు జరుపుకుంటున్నారు.

"లేవొద్దండీ మామా," అన్నాను. ఆ ఇంట్లో అంత గట్టిగా నేను మాట్లాడింది అదే మొదలు. శ్రీకుమార్ కూడా ఉలిక్కిపడ్డాడు.

మూలన చూశాను. మళ్ళీ 2009 జనవరి ఒకటి. నిన్నటి నుంచి ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అందరూ పడుకున్నారు. అత్త దీపం పెట్టింది. అత్త...

"రాత్రి ప్లగ్గు పీకినారా అత్తా?"

"పీకనా మరి? రోజూ పీకేదే గదా?" అంది అత్త. ఆ వెంటనే ఆమె ముఖం మారిపోయింది. "ఏమి, నేనేనా? నేను పీకినందుకా?"

గోడలోంచి కరెంటు పోతే అది రోజులన్నీ మర్చిపోయి, తను మొదలైన రోజుకు వెళ్ళిపోతోంది. ఇదివరకు లోపలి బ్యాటరీ రాత్రంతా దాని చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆ పెద్ద వానలో అదీ వదిలేసింది. మామ అత్తకేసి చూసి తల ఊపారు. కాదన్నట్టు. తన గుండె మీద వేలు పెట్టుకున్నారు. ఆ నియమం పెట్టింది నేను, అన్నట్టు.

"ఇంకా కాస్తే ఉందమ్మా టైము," అన్నాడు పరంధామయ్య.

తేదీ మార్చే గడి తెరిచాను. బుర్ర ఖాళీ. "ఈరోజు తేదీ ఎంత?" అన్నాను. పెళ్ళివారిల్లంత మంది ఉన్నారు, అందరూ ఫోన్ల కోసం తడుముకుంటున్నారు. మామ లేచారు. గోడకున్న దినకేలండర్‌లో నిన్నటి కాగితం ఇంకా ఉంది, ఆ సందడిలో ఎవరూ చించలేదు. ఆయన దాన్ని చించారు. రోజూ కాఫీ తాగకముందు చించే మనిషి, ఇప్పుడూ అంతే నిదానంగా చించి, కేలండర్‌ను మేకు నుంచి తీసుకొచ్చి నా కళ్ళెదుట పట్టుకున్నారు. అంకె చూసి కొట్టాను. నెల. సంవత్సరం. గంట శ్రీకుమార్ చెప్పాడు.

పేజీ తెల్లగా వచ్చింది. పైన తాళం గుర్తు.

మామ కూర్చుని అందర్నీ అటు తిరగమని చేత్తో చూపించారు. పేరు బిడ్డకు ముందు ఎవరి కంటా పడకూడదు. పట్టుచీరలు, పంచెలు అన్నీ గోడవైపు తిరిగాయి. వదిన అత్తగారు కూడా తిరిగింది. వదిన ఏడుస్తున్న బిడ్డతో వంగింది. నేను ఒక డబ్బాను ఎత్తి బిడ్డ చెవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాను. మీటల చప్పుడు. వాన చప్పుడు.

మొదటిసారి చాలా చిన్నగా వచ్చింది. బిడ్డకు మాత్రమే వినపడేంత. అయినా డబ్బా నా చేతిలో ఉంది, ఆ పేరు నా అరచేతిలో అదిరింది. పిట్టను పట్టుకున్నట్టుంది. బిడ్డ తర్వాత ఆ పేరు తెలిసిన మనిషిని నేనే.

బిడ్డ ఏడుపు ఆగింది. కళ్ళు విప్పి, తల కొంచెం, డబ్బా వైపు తిప్పింది. కడుపులో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నాలు విన్న గొంతు కదా. వదిన నావైపు చూసింది.

రెండోసారి, మూడోసారి మామ శబ్దం పెంచారు.

"అమ్మణి. అమ్మణి."

మామ వాళ్ళమ్మ పేరట. హాలంతా నిండింది ఆ గొంతు. గోడవైపు తిరిగినవాళ్ళు ఇటు తిరిగారు.

"ఇంత దాచిపెట్టి ఈ పాతకాలం పేరా నాయనా!" అని వదిన ఏడుస్తూ నవ్వింది.

మామ గబగబా కొట్టారు. "పాతదేమే. నీ కూతురు ఇప్పుడే గదా కొత్తగా వాడేది."

వదిన అత్తగారే ముందు నవ్వింది. పరంధామయ్య పళ్ళెంలో బియ్యం సర్దాడు. మామ పసుపుకొమ్ముతో రాశారు.

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. వాన తగ్గి, వీధిలో నీళ్ళ మీద దీపాలు కనపడుతున్నాయి. అరుళ్ చెప్పిన రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఎం.సి. రోడ్డులో గడియారాల అంగడిలో దొరుకుతుందేమో రేపు చూస్తానన్నాడు శ్రీకుమార్. నేను గుమ్మంలో కూర్చుని తమలపాకులు తుడుస్తున్నాను. అత్త పూజగది తలుపు దగ్గరకు వేసింది. హాల్లోకి వచ్చింది. అలవాటున వంగి ప్లగ్గు మీద చెయ్యి వేసింది. అక్కడే ఆగిపోయింది. పీకాలా వద్దా తెలియక, నిప్పుకు భయపడి, ఆ గొంతు మళ్ళీ పోతుందేమోనని భయపడి, అలాగే వంగి ఉంది.

మామ కొట్టారు. "అలివేలూ. ఉండనీ."

అత్త చెయ్యి తీసేసింది. అరచేత్తో గోడను మాత్రం ఒకసారి తడిమింది. నడుం పట్టుకుని లేచి నిలబడింది.

"ఉండనిస్తాలే. నేనేం పీకలేదు గదా," అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె డబ్బాలకేసి చూడలేదు. మామ ముఖంలోకి చూసింది.